గేరు, క్లచ్చి: కారు నడుపు సోదరీమణులకు కొన్ని మంచి అలవాట్లు

పిల్లలను బడికి దింపుటకును, వృద్ధులైన అత్తమామలను వైద్యునియొద్దకు తోడ్కొనిపోవుటకును, పండుగలకు పుట్టింటికి పోవుటకును నేడు మనలో పెక్కుమంది తామే కారు నడుపుకొనుచున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే నడుపుట నేర్చుకొనుట వేఱు, చక్కగా నడుపుట వేఱు. నేర్పు చోట్లలో సాధారణముగా బండి కదలించుట, త్రిప్పుట, ఆపుట చూపి లైసెన్సు పరీక్షకు పంపుదురు. ఎడమ కాలు ఎచ్చట నుంచవలెను, చేయి ఎచ్చట నుంచరాదు, పల్లమున ఏ గేరు వేయవలెను అను సంగతులు చాలమందికి ఎవ్వరును చెప్పరు. మొదటి నెలలో పడిన అలవాటే పిమ్మట స్వభావమగును. కావున ఈ చిన్న విషయములను గూర్చి కొంత ముచ్చటింపదలచితిమి. ఇవి చిన్నవే యైనను ఒక్కొక్కప్పుడు ప్రాణములే వానిపై ఆధారపడియుండును.

మోటారు బండిలో మొట్టమొదటి దూరప్రయాణము చేసినది ఒక స్త్రీయే. ఆమె పేరు బెర్తా బెంజ్. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆమె తన భర్తయైన కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండిలో ఇద్దఱు కుమారులను కూర్చుండబెట్టుకొని, భర్తతో చెప్పకయే, జర్మనీ దేశమందలి మాన్‌హైమ్ నగరమునుండి ఫోర్ట్స్‌హైమ్‌లోనున్న పుట్టింటికి బయలుదేరెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. సమతలమున బండి బాగుగనే నడచెను గాని, నిట్రమైన ఎత్తు వచ్చినప్పుడు కుమారులు దిగి త్రోయవలసివచ్చెను. పల్లములలో బ్రేకు కొయ్య అరిగిపోగా దారిలో నొక చర్మకారునిచేత ఆమె దానికి తోలు తొడిగించెను. ఇల్లు చేరిన పిమ్మట, ఎత్తులు ఎక్కుటకు మఱియొక గేరు కావలెనని ఆమె భర్తకు చెప్పగా అతడట్లే అమర్చెను. ఎక్కుటకు బలము చాలకుండుట, దిగునప్పుడు బ్రేకు అరిగిపోవుట అను ఆ రెండు చిక్కులును నేటికిని మన యెదుట ఉన్నవి. వానిని దాటించు సాధనమే గేరు.

నెత్తిన బరువు మూట పెట్టుకొని గుట్ట యెక్కునప్పుడు మనము చిన్నచిన్న అడుగులు వేయుదుము. సమతలమున పెద్ద అంగలు వేయుదుము. గేరు చేయు పనియు నిదియే. చిన్న కార్లలో మొదటి గేరున చక్రము ఒకసారి తిరుగుటకు ఇంజను సుమారు 13, 14 సారులు తిరుగును. అయిదవ గేరున మూడు నాలుగు సారులు తిరిగిన చాలును. మొదటిది బలమునకు, అయిదవది వేగమునకు. ఎక్కువ గేరులో ఉండి మెల్లగా పోయినచో ఇంజను బరువు లాగలేక మూల్గును, బండి వణకును. తక్కువ గేరులో ఉండి వేగముగా పోయినచో ఇంజను అఱచును, పెట్రోలు వృథాయగును. కొన్నాళ్లకు చూడకయే చెవికే తెలియును: మూల్గినచో గేరు దింపవలెను, అఱచినచో పెంచవలెను.

ఇక క్లచ్చి. నూతి గిలకవద్ద నీళ్లు తోడినవారికి దీని సంగతి సులభముగా బోధపడును. చేంతాడు గట్టిగా పట్టుకొన్నచో చేతికి బాధ లేదు. పూర్తిగా వదలినను బాధ లేదు. సగము పట్టి సగము వదలి జారనిచ్చినచో అరచేయి మండి బొబ్బలెక్కును. క్లచ్చియు నట్టిదే. ఇంజనుతోపాటు తిరుగుచుండు ఒక బరువైన ఇనుప చక్రమునకు ఒక ప్లేటును బలమైన స్ప్రింగు అదిమిపట్టియుండును. ఆ ప్లేటే ఇంజను బలమును గేరుబాక్సునకు, అటనుండి చక్రములకు అందించును. మనము పెడలు నొక్కినప్పుడు ఆ పట్టు సడలి ప్లేటు వేఱగును. వదలినప్పుడు మరల అంటుకొనును. పూర్తిగా అంటియున్నప్పుడును, పూర్తిగా వేఱైయున్నప్పుడును ప్లేటు అరుగదు. సగము నొక్కియుంచినప్పుడే రాచుకొని, వేడెక్కి, అరుగును. బండి కదలు క్షణమున ఈ రాపిడి కొంత తప్పదు. అంతకు మించినదంతయు దుబారాయే. గడపమీద కూర్చుండరాదని పెద్దలు పిల్లలను మందలింతురు గదా! క్లచ్చియు గడప వంటిదే. దాటుటకే గాని కూర్చుండుటకు గాదు.

ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో క్లచ్చి అలవాట్లన్నియు వానియంతట అవియే తోచును. గేరు మార్చిన వెంటనే ఎడమ కాలు తీసి ప్రక్కనున్న ఖాళీ చోట ఉంచవలెను. పెడలుపై ఊరక ఆనించిన కాలు బరువు తక్కువేయని తోచును గాని, దానికే పట్టు కొంత సడలి ప్లేటు జారవచ్చును. లోపలి బేరింగు అనవసరముగా అరుగును. కూడలియందు ఎఱ్ఱదీపము చూచి నిలిచినప్పుడు క్లచ్చి నొక్కుకొని మొదటి గేరులో వేచియుండరాదు. న్యూట్రలులో వేసి, హ్యాండుబ్రేకు లాగి, కాలు తీయవలెను. గేరు మార్చునప్పుడెల్ల పెడలును అడుగంట నొక్కవలెను. సగము నొక్కి మార్చినచో గేర్లు గరగరలాడును.

వంతెన యెత్తుమీద బండ్ల వరుసలో నిలువవలసివచ్చినప్పుడు చాలమంది సగము క్లచ్చితో బండిని అట్లే నిలుపుదురు. అది చేంతాడు జారనిచ్చుట వంటిదే. కొన్ని నిమిషములలో కాలిన వాసన వచ్చును. ఆ చోట హ్యాండుబ్రేకు మన సేవకుడు. మొదటి గేరు వేసి, కొంచెము యాక్సిలేటరు నొక్కి, క్లచ్చిని మెల్లగా వదలుచు రావలెను. ముందుభాగము కొంచెము పైకి లేచినట్లై బండి ముందునకు లాగుచున్నట్లు తోచిన క్షణమున హ్యాండుబ్రేకు వదలినచో బండి వెనుకకు అంగుళమైనను జారదు. ఎదుట బండ్లు లేని చిన్న యెత్తుపై పదిసారులు అభ్యసించినచో భయము వదలును.

చీర కట్టుకొని నడుపువారు కుచ్చెళ్లను ఎడమవైపునకు కొంచెము పైకి దోపుకొనవలెను. అంచు పెడలుక్రింద పడినచో కాలు సమయమునకు లేవదు. మడమ యెత్తైన చెప్పులును, జారు చెప్పులును పనికిరావు.

ఇంజను చప్పుడు హెచ్చుచున్నను వేగము హెచ్చకుండుటయు, పెడలు చాల పైకి వచ్చినగాని పట్టు దొరకకుండుటయు క్లచ్చి ప్లేటు అరిగినదనుటకు గుర్తులు. దానిని మార్చుటకు సాధారణముగా గేరుబాక్సునే దింపవలసియుండును గనుక కూలియే ఎక్కువగును. జాగ్రత్తగా నడుపువారి కారులో ప్లేటు లక్ష కిలోమీటర్లు దాటియు పనిచేయును. అజాగ్రత్తగా నడుపువారికి అందులో కొద్ది భాగమునకే చెడును.

గేరుకఱ్ఱపై చేయి వాల్చి నడుపుటయు మంచి అలవాటు గాదు. ఆ బరువు లోపల గేర్లను జరుపు ఇనుప కొమ్మలపై పడి అరుగుదల కలిగించును. చేయి స్టీరింగుపై లేకుండుట వేఱొక తప్పు. వెనుక గేరును బండి పూర్తిగా నిలిచిన పిమ్మటనే వేయవలెను. ముందు గేర్లకు వేగములను సరిపఱచు సింక్రోమెష్ అను అమరిక యున్నది. 1928లో కాడిలాక్ కార్లలో వచ్చిన ఈ యేర్పాటువలననే గేరు మార్చుటకు రెండుసారులు క్లచ్చి నొక్కు శ్రమ తప్పినది. కాని చాల కార్లలో వెనుక గేరునకు అది లేదు. మలుపు తిరుగవలసియున్నచో ముందే వేగము తగ్గించి, గేరు దింపి, పిమ్మట తిరుగవలెను. మలుపు నడుమ క్లచ్చి నొక్కియుంచరాదు. క్రొత్తవారు భయపడినంతనే మొదట క్లచ్చి నొక్కుదురు. అట్లు చేసినచో ఇంజను పట్టు వదలి బండి ఇంకను స్వేచ్ఛగా జారును. ముందు బ్రేకు, నిలువబోవు క్షణమున క్లచ్చి. ఇది క్రమము.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన విషయము చెప్పవలసియున్నది. ఒక కార్తీకమాసమున మేము సకుటుంబముగా అరకులోయకు పోయి తిరిగి వచ్చుచుంటిమి. కారు నడుపుచున్నవారు మావారు. వెనుక సీటున అత్తగారును పిల్లలిద్దఱును నిద్రించుచుండిరి. అనంతగిరి దాటి ఘాటు రోడ్డు పల్లమునకు దిగగానే పెట్రోలు ఆదాయగునని మావారు బండిని న్యూట్రలులో వేసిరి. అది వారికి చిరకాలపు అలవాటు. తప్పని మాకు తెలియును గాని, బడిలో పదిమందికి పాఠము చెప్పువారికి మేమేమి చెప్పగలమని మొగమాటపడి యూరకుంటిమి.

కొన్ని మలుపులు తిరుగునంతలో కాలిన వాసన వచ్చెను. మఱి రెండు మలుపులకు మావారి ముఖము మారెను. "పెడలు మెత్తబడుతోంది" అనిరి. వారు నొక్కుచున్నారు, పెడలు క్రిందికి పోవుచున్నది, బండి మాత్రము నెమ్మదించుట లేదు. "గేరు వేయండి, మూడోది!" అని మేము కేక వేసితిమి. మూడవది పడెను, పిమ్మట రెండవది పడెను. ఇంజను పెద్దగా అఱచెను. హ్యాండుబ్రేకును కొంచెము కొంచెముగా లాగగా, కొండవైపున విశాలముగానున్న చోట బండి నిలిచెను. అత్తగారు కన్నులు తెఱచి "ఊరొచ్చిందా?" అని అడిగిరి. మేమిరువురమును వెంటనే మాటాడలేకపోతిమి.

వెనుక వచ్చుచున్న లారీ నడుపు పెద్దాయన బండి ఆపి దిగివచ్చెను. కాలుచున్న చక్రములపై నీళ్లు పోయబోవుచున్న మావారిని వారించి, డిస్కు పగులునని చెప్పెను. "ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాలి బాబూ. బ్రేకు ఆపడానికే గాని మొయ్యడానికి కాదు" అని చెప్పి పోయెను. ముప్పావుగంట గడచి పెడలు మరల గట్టిపడిన పిమ్మట మావారు తాళపుచెవి మా చేతికిచ్చిరి. అటనుండి శృంగవరపుకోటవరకు రెండవ గేరులోనే మేము నడిపితిమి. ఊరు చేరి బ్రేకులు బాగుచేయించి వచ్చి, మావారు "నువ్వు ముందే చెప్పవలసింది" అని మాత్రమనిరి. అది నిజము. చెప్పవలసినది.

ఇట్లేల జరిగినది? మనుష్యులతో కలిపి 1,400 కిలోల బరువుగల కారు 600 మీటర్ల యెత్తునుండి దిగునప్పుడు పుట్టు శక్తి సుమారు 25 లీటర్ల నీళ్లను, అనగా రెండు బిందెల చన్నీళ్లను, తెర్లించుటకు చాలును. గాలియు, చక్రముల రాపిడియు కొంత హరించును. మిగిలినది ఎవరో యొకరు భరింపవలెను. తక్కువ గేరులో ఉన్నచో ఇంజను దానిలో పెద్దభాగము తాను తీసికొనును. న్యూట్రలులో ఉన్నచో అంతయు బ్రేకులపైననే పడును. అంత వేడికి బ్రేకు నూనెలో చేరియున్న తేమ ఆవిరియగును. ఆవిరి నొక్కిన కొలది అణగునది గనుక పెడలు మెత్తబడునేగాని చక్రములు ఆగవు.

పెట్రోలు ఆదాయను మాటయు నేటి కార్లకు చెల్లదు. కార్బ్యురేటరు బండ్లనాటి నమ్మకమది. ఇప్పటి ఇంజనులలో గేరునందుండి యాక్సిలేటరు వదలి పల్లమున దిగునప్పుడు చక్రములే ఇంజనును త్రిప్పును గనుక పెట్రోలు తనంతట నిలిచిపోవును. న్యూట్రలులోనైతే ఇంజను ఆరిపోకుండుటకు కొంత కాలుచునే యుండును. ఇక తాళపుచెవి త్రిప్పి ఇంజనే ఆపి దిగువారు బ్రేకునకును స్టీరింగునకును ఉన్న సహాయమును గూడ పోగొట్టుకొందురు.

కావున ఘాటు మొదలగుటకు ముందే రెండవ లేక మూడవ గేరు వేసికొనవలెను. వేగము పెరిగినప్పుడు బ్రేకును గట్టిగా నొక్కి, వేగము తగ్గగానే వదలి, మరల చల్లబడనీయవలెను, ఎడతెగక నొక్కియుంచరాదు. ఎక్కు బండికి దిగు బండి దారి యీయవలెను. పల్లమున నిలిపి దిగిపోవునప్పుడు హ్యాండుబ్రేకుతోపాటు గేరునందుంచవలెను.

ఆటోమాటిక్ కార్లు నడుపువారు ఇది తమకు గాదని తలపరాదు. ఎడమ కాలికి పని తప్పినను పల్లము తప్పదు. వానిలో తక్కువ గేరును నిలుపుకొనుటకు గుర్తులుండును. తమ బండి పుస్తకము చదివి వానిని తెలిసికొనవలెను.

మంచి అలవాటునకు ఖర్చు లేదు. కాలు గడప దాటినంతనే తీయుట, గేరు అక్కఱకు ముందే వేయుట, బ్రేకును ఆపుటకే వాడుట: ఈ మూడును చాలును. మఱియొకటి మేము ఆ కొండమీద నేర్చుకొంటిమి. ప్రక్క సీటున కూర్చున్నప్పుడు తప్పు కనబడినచో, నడుపువారు భర్తయైనను, అన్నయైనను, కుమారుడైనను, మెల్లగా, వెంటనే చెప్పవలెను. వెనుక సీటున నిద్రించువారు మనలను నమ్మియే నిద్రించుచున్నారు.