వెబ్ పుటలకు చక్కని చిరునామాలు

కొత్త ఊరికి వచ్చిన బాటసారితో "పెద్ద బజారులో మసీదు వెనుక మూడవ ఇల్లు" అని చెప్పినచో అతడు వెదకి చేరుకొనగలడు. "దస్తావేజులో పన్నెండవ పుట, మూడు వందల నలుబది ఏడవ వరుస" అని చెప్పినచో, ఆ మాట సత్యమే అయినను, అతనికి దారి దొరకదు. ఇంటర్నెట్టులోని అనేక పుటల చిరునామాలు ఈ రెండవ విధముగా ఉన్నవి. వాటిని మొదటి విధమునకు మార్చు పద్ధతిని ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

మొదటి రోజులలో వెబ్ పుట అనగా సర్వరులో భద్రపరచిన ఒక ఫైలు. ఆ ఫైలు ఉన్న చోటే దాని చిరునామా. తరువాత, పుటలను ముందుగా వ్రాసి ఉంచక, ఎవరైనా అడిగినప్పుడు డేటాబేసు నుండి సమాచారము తీసి అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చు ప్రోగ్రాములు వచ్చినవి. ఒక కళాశాలలో ఉపకార వేతనముల ప్రకటన ఉన్నదనుకొందము. దాని చిరునామా చివరి భాగము "ఇండెక్స్.పి.హెచ్.పి?విభాగం=12&ప్రకటన=347" అని ఉండును. ప్రశ్నార్థకమునకు ముందున్నది ప్రోగ్రాము పేరు. తరువాత ఉన్నది ఆ ప్రోగ్రామునకు మనము అందించు సమాచారము. యంత్రమునకు ఇది చాలును. మనుష్యులకు మాత్రము చాలదు.

ఇందలి లోపములు రెండు. ఒకటి, దీనిని గుర్తుంచుకొనుట గాని, టెలిఫోనులో చెప్పుట గాని, నోటీసు బోర్డుపై తప్పు లేకుండ వ్రాయుట గాని కష్టము. రెండవది మరింత పెద్దది. చిరునామాలో ప్రోగ్రాము పేరు, డేటాబేసు సంఖ్య దాగి ఉన్నవి. రేపు ఆ ప్రోగ్రామును తీసివేసి వేరొక దానిని పెట్టినచో చిరునామా చెడిపోవును. అప్పుడు చదువరికి 404 అను సంఖ్యతో "పుట దొరకలేదు" అను సమాధానము మాత్రమే మిగులును. దరఖాస్తు గడువు దగ్గరపడిన విద్యార్థికి ఆ సమాధానము ఎంత బాధ కలిగించునో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి పరిష్కారముగా వచ్చినదే చిరునామాలను తిరగ వ్రాయు విధానము. అపాచీ అను ప్రసిద్ధమైన సర్వరునకు రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996 ఏప్రిల్‌లో "మాడ్ రీరైట్" అను భాగమును రచించి, 1997 జూలైలో అపాచీ బృందమునకు అప్పగించెను. ఇది ద్వారము వద్ద నిలిచిన గుమాస్తా వంటిది. చదువరి "/ఉపకార-వేతనాలు/347" అని అడుగును. గుమాస్తా తన వద్దనున్న సూత్రమును చూచును. "ఉపకార-వేతనాలు అను మాట, ఒక ఏటవాలు గీత, ఆపై అంకెలు మాత్రమే వచ్చినచో, ఆ అంకెలను పట్టుకొని ప్రోగ్రామునకు ప్రకటన సంఖ్యగా అందించుము" అని ఆ సూత్రము చెప్పును. ప్రోగ్రాము ఎప్పటివలెనే పని చేయును. చదువరి బ్రౌజరులో చక్కని చిరునామాయే నిలిచియుండును.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. పైన చెప్పినది సర్వరు లోపల జరుగు మార్పు, బయటివారికి తెలియదు. దారి మళ్ళించుట వేరు. అందులో సర్వరు "ఆ పుట ఇప్పుడు ఫలానా చోట ఉన్నది" అని బ్రౌజరునకు చెప్పి మరల అడుగుమనును. శాశ్వతమైన మార్పునకు 301, తాత్కాలికమైన దానికి 302 అను సంఖ్యలు వాడుదురు. పాత చిరునామాలను కొత్త వాటికి 301 ద్వారా కలిపినచో ఎన్నడో వ్రాసుకొన్న చిరునామాతో వచ్చినవారు కూడ గమ్యము చేరుదురు. శోధన యంత్రములు ఒకే పుటను రెండు పుటలుగా లెక్కించు చిక్కు కూడ తగ్గును.

ఉర్దూ, తెలుగు రెండును చదువు మన వంటి వారికి ఇంకొక విషయము ముఖ్యము. చిరునామాలో ఆంగ్లేతర లిపిని పంపునప్పుడు ప్రతి అక్షర సంకేతమును బైట్లుగా విడదీసి, ఒక్కొక్క బైటును శాతపు గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా వ్రాయుదురు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు 3 బైట్లు, ఉర్దూ అక్షరమునకు 2 బైట్లు పట్టును. "హైదరాబాదు" అను మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 9 సంకేతములు కలవు. కావున అది 81 గుర్తులగును. ఉర్దూలో అదే నగరము పేరు 8 అక్షరములు, 48 గుర్తులగును. నేటి బ్రౌజర్లు చాల వరకు వీటిని మన లిపిలోనే చూపును. కాని నకలు చేసి వేరొక చోట అతికించినప్పుడు ఆ గుర్తుల వరుస బయటపడుట కద్దు. తెలుగు వికీపీడియా ఈ ఇబ్బందికి వెనుదీయక తెలుగు శీర్షికలనే చిరునామాలలో నిలుపుచున్నది. అందుచేత మన భాషలను విడువనక్కరలేదు. శీర్షిక మాత్రము పొట్టిదిగా ఉండవలెను.

కొన్ని జాగ్రత్తలు చెప్పుదుము. సూత్రము వ్రాసినంత మాత్రమున పుటలలోని పాత లంకెలు మారవు. ప్రోగ్రాము కూడ కొత్త చిరునామాలనే వ్రాయునట్లు దిద్దవలెను. చిత్రములు మొదలగు నిజమైన ఫైళ్ళను సూత్రము మ్రింగకుండ మినహాయింపు ఉంచవలెను. సూత్రము ఇచ్చిన ఫలితము మరల అదే సూత్రమునకు చిక్కినచో సర్వరు గానుగ ఎద్దు వలె తిరిగి, తుదకు 500 అను దోషము చూపును. చిరునామా అందముగా ఉన్నంతలో భద్రత రాదు. వచ్చిన సంఖ్యను ప్రోగ్రాము తప్పక పరీక్షింపవలెను.

వెబ్బును సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ, మంచి చిరునామాలు మారరాదను అభిప్రాయమును 1998లోనే విపులముగా వ్రాసెను. ఈ మాట కళాశాల కమిటీ పెద్దలకు ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. తెరపై తప్పు దొర్లినచో సాయంత్రములోగా దిద్దవచ్చును. సంచికలో అచ్చయిన చిరునామాను ఎవరును దిద్దలేరు. గ్రంథాలయపు బీరువాలో ఇరువది ఏండ్ల తరువాత దీనిని తెరచు విద్యార్థికి కూడ ఆ చిరునామా దారి చూపవలెను. కావున వెబ్‌సైటు కట్టు మొదటి దినముననే చిరునామాల పట్టిక నిర్ణయించి, ప్రోగ్రాము మార్చిన ప్రతిసారియు పాత వాటిని కొత్త వాటితో కలుపు బాధ్యతను ఒకరికి అప్పగించవలెను. కంప్యూటరు చదువు విద్యార్థులు ఈ పనికి ముందుకు వచ్చినచో, తరగతిలో నేర్చిన విద్య తమ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఉపకరించుట కన్నులారా చూడగలరు.