జన్యు ఫైళ్లను కలిపే ఆర్‌ఎస్ నంబరు

మధుమేహం, గుండెజబ్బు, ఊబకాయం వంటి వాటికి జన్యు కారణాలు వెతికే అధ్యయనాలు ఒక్క ఆస్పత్రిలో తీసిన రక్తనమూనాలతో తేలవు. ఒక్కో జన్యుభేదం జబ్బు ముప్పును పెంచేది చాలా కొద్దిగానే. ఆ కొద్ది తేడా కనబడాలంటే వేల మంది, ఒక్కోసారి లక్షల మంది వివరాలు కావాలి. అందుకే వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్లలో తయారైన ఫైళ్లను ఒకచోట చేర్చాల్సి వస్తుంది. ఏ వరుస పక్కన ఏ వరుస పెట్టాలో చెప్పేది ఆర్‌ఎస్ నంబరు.

మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. కొన్ని స్థానాల్లో ఒకరికి ‘సి’ ఉంటే మరొకరికి ‘టి’ ఉంటుంది. ఈ ఒక్కక్షరం తేడాలను స్నిప్‌లంటారు. అమెరికాలో 1998లో మొదలైన డీబీస్నిప్ అనే భాండాగారం వీటికి ఆర్‌ఎస్ నంబర్లు ఇస్తూ వస్తోంది. ఇప్పుడు అందులో వంద కోట్లకు పైగా నమోదులున్నాయి. వాటిలో పేరుపడ్డది ఆర్‌ఎస్7903146. ఇది టీసీఎఫ్7ఎల్2 జన్యువులో ఉంటుంది. ఈ జన్యువుకూ టైప్-2 మధుమేహానికీ సంబంధం ఉందని 2006లో ఐస్‌లాండ్ పరిశోధకులు బయటపెట్టారు. మరుసటి ఏడాదే హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన గిరిరాజ్ చందక్ బృందం భారతీయుల్లోనూ ఆ సంబంధం బలంగా ఉందని చూపింది. ఇలా దేశాలు వేరైనా, ప్రయోగశాలలు వేరైనా ఒకే స్నిప్ గురించి మాట్లాడుకోవడానికి ఈ నంబరు వీలు కల్పిస్తుంది.

క్రోమోజోమ్ మీద స్థానం రాసుకుంటే సరిపోదా? సరిపోదు. పహాడీ షరీఫ్ కొండ శ్రీశైలం రోడ్డు మీద ఎన్నో కిలోమీటరులో ఉందో చెప్పాలంటే కొలత ఎక్కడ మొదలుపెట్టారో తెలియాలి. చార్మినార్ నుంచి కొలిస్తే ఒక లెక్క, అఫ్జల్‌గంజ్ నుంచి కొలిస్తే మరో లెక్క. కొండ మాత్రం కదలదు. జన్యుపటమూ అంతే. ఆర్‌ఎస్7903146 స్థానం 2009 నాటి ప్రామాణిక పటంలో 10వ క్రోమోజోమ్‌పై 11,47,58,349. 2013 పటంలో అదే స్నిప్ 11,29,98,590 దగ్గర కనబడుతుంది. పాత ఫైలునూ కొత్త ఫైలునూ స్థానాన్ని బట్టి కలిపితే ఒకదానికొకటి సంబంధం లేని అక్షరాలు జతపడతాయి. ఆర్‌ఎస్ నంబరు రెండింటిలోనూ ఒక్కటే.

ఆ నంబరును కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఒకే స్నిప్‌కు పొరపాటున రెండు నంబర్లు పడ్డట్టు తేలితే డీబీస్నిప్ పెద్ద నంబరును చిన్నదానిలో కలిపేస్తుంది. పాత ఫైళ్లలో మాత్రం రద్దయిన నంబరే మిగిలిపోతుంది. అందుకే కలపబోయే ముందు ఆ విలీనాల పట్టికతో ఫైళ్లను సరిచూసుకోవాలి.

అసలు చిక్కు అక్షరాలతో వస్తుంది. ఒక ఫైలు ‘టి’ ఉన్నవారి ముప్పును లెక్కిస్తే, మరో ఫైలు ‘సి’ ఉన్నవారిది లెక్కించి ఉండవచ్చు. మొదటిదాంట్లో ముప్పు నిష్పత్తి 1.4 అయితే, అదే నిజం రెండోదాంట్లో 0.71గా కనబడుతుంది. దాన్ని తిప్పి రాయకుండా సగటు తీస్తే రెండూ కొట్టుకుపోయి, ఉన్న సంబంధమే లేనట్టు తేలుతుంది. దీనికి తోడు డీఎన్‌ఏకు రెండు పోగులు. ఒక పోగులో ‘సి’ ఉన్నచోట ఎదుటి పోగులో ‘జి’, ‘టి’ ఉన్నచోట ‘ఎ’ ఉంటాయి. సి-టి అని ఒక ఫైల్లో, జి-ఎ అని మరో ఫైల్లో ఉంటే పోగు మారిందని ఇట్టే తెలుస్తుంది. ఊబకాయానికి సంబంధించిన ఎఫ్‌టీఓ జన్యువులోని ఆర్‌ఎస్9939609 అంత తేలిగ్గా దొరకదు. దాని అక్షరాలు ఎ, టి. పోగు మారినా అవే రెండు అక్షరాలు. అప్పుడు ఆ జనాభాలో ఆ స్థానంలోని అక్షరాల్లో ‘ఎ’ ఎంత శాతమో రెండు ఫైళ్లలోనూ పోల్చి చూడాలి. శాతం యాభైకి దగ్గరగా ఉంటే తేల్చడానికి ఆధారం ఉండదు. అలాంటి స్నిప్‌లను వదిలేయడమే మంచి పద్ధతి. తప్పు జవాబు కంటే జవాబు లేకపోవడం నయం.

తెలుగువారికి ఈ పని అవసరం ఎంతో 2017లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు స్నిప్‌లను గుర్తించే వేర్వేరు చిప్‌లపై చదివిన సమాచారాన్ని జోడించి, దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలకు చెందిన 2,800 మందికి పైగా వ్యక్తులను పరిశీలించాయి. కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన సమూహాలు చాలానే ఉన్నాయని తేలింది. తెలుగు నేలపై ఎక్కువగా ఉన్న వైశ్యులు అలాంటి ఒక సమూహం. వారిలో ఒక ఎంజైము లోపం మిగతావారికంటే చాలా ఎక్కువ. ఆపరేషన్ వేళ కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం ఆ లోపం ఉన్నవారికి మామూలు సమయంలో దిగదు. ముందే తెలిస్తే వైద్యులు మరో మందు వాడతారు. ఒక్కో ప్రయోగశాల తన ఫైలును తన దగ్గరే అట్టిపెట్టుకుంటే ఇంత విస్తృతమైన చిత్రం దొరికేది కాదు.

చిప్‌లు వేరైనప్పుడు రెండింటిలోనూ ఉన్న స్నిప్‌లే ఉమ్మడిగా మిగులుతాయి. తక్కినవాటిని పూర్తి జన్యుక్రమం చదివిన నమూనాల ఆధారంగా అంచనా కడతారు. అందుకు ప్రపంచమంతా వాడే వెయ్యి జీనోముల ప్రాజెక్టులో 2015 నాటికి 26 జనాభాలకు చెందిన 2,504 మంది ఉన్నారు. వారిలో 102 మంది బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువారు. కోట్ల మంది తెలుగువారికి ప్రతినిధులుగా ఆ 102 మంది చాలా తక్కువే.

కలిపాక కూడా రెండు తనిఖీలు మిగులుతాయి. ఒకే వ్యక్తి రెండు ఫైళ్లలోనూ ఉంటే ఒకచోట తీసేయాలి. రోగులంతా ఒక చిప్ మీద, ఆరోగ్యవంతులంతా మరో చిప్ మీద ఉంటే, చిప్‌ల మధ్య తేడానే జబ్బుకు కారణంలా కనబడుతుంది. దీన్ని గణాంకాలతో పూర్తిగా సరిదిద్దలేం. నమూనాలు సేకరించేటప్పుడే రెండు వర్గాలనూ కలగలిపి చదివించాలి.

దేశంలో పదివేల మంది జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా వంటి పథకాల్లో, ఎక్కడా నమోదు కాని తేడాలూ బయటపడతాయి. వాటికి ఇంకా ఆర్‌ఎస్ నంబరు ఉండదు. అలాంటి వాటిని క్రోమోజోమ్, స్థానం, రెండు అక్షరాలు కలిపి గుర్తిస్తారు. ఏ పటం ప్రకారం ఆ స్థానమో ఫైలు మొదట్లోనే రాసి పెడతారు.