ఇబ్ను జుబైర్ యాత్రాగ్రంథం

యాత్రాగ్రంథాలనగానే పాఠకులకు ఇబ్ను బతూతా పేరే స్ఫురిస్తుంది. 1355లో ఆయన చెప్పగా ఇబ్ను జుజై గ్రంథస్థం చేసిన ఆ రచన పఠనీయమే. కాని అందులోని దమిష్కు వర్ణనలో చాలా భాగం అంతకు పూర్వుడైన ఇబ్ను జుబైర్ నుండి తీసుకున్నది. మూలం రుచి చూడగోరేవారు ఆయన్నే చదవాలి.

గ్రనడా పాలకుని వద్ద కార్యదర్శిగా ఉండిన ఈ పండితుడు 1183లో (హిజ్రీ 578) హజ్‌కు బయలుదేరి 1185లో స్వస్థలం చేరాడు. చూసినదంతా తేదీలవారీగా వ్రాసిపెట్టాడు. అలెగ్జాండ్రియా సుంకం అధికారులు యాత్రికుల నడుముల్లో చేతులు పెట్టి వెదికిన తీరును ఎంత కోపంగా వర్ణించాడో! మెస్సీనా వద్ద ఓడ బద్దలైన ఘట్టం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

అన్నింటికన్నా విలువైనవి 1184లో తిబ్నీన్ నుండి అక్కాకు సాగిన ప్రయాణపు పుటలు. ఆ ప్రాంతం అప్పుడు ఫ్రాంకుల ఏలుబడిలో ఉండేది. వారిని శపించకుండా ఆయన కలం సాగదు. ఐనా అక్కడి ముస్లిం రైతులు పంటలో సగం, తలకొక దీనారు ఐదు ఖీరాతులు చెల్లించి తమ ఇళ్ళలో నిమ్మళంగా బ్రతుకుతున్నారనీ, ముస్లిం ప్రభువుల క్రింద ఉన్న వారి సోదరులకు ఆ న్యాయం దక్కడం లేదనీ దాచక వ్రాశాడు. ఆయనకు ఇది మింగుడుపడని సత్యం. ముస్లింలకు వచ్చిపడిన ఆపదల్లో దీనినీ ఒకటిగా లెక్కించాడు.