గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు అన్ని సందర్భాలలోనూ కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ). వైరస్ సోకిన తరువాత క్యాన్సర్ ఏర్పడడానికి సాధారణంగా అనేక సంవత్సరాలు పడుతుంది. ఆ వ్యవధిలో తొలి మార్పులను కనుగొని చికిత్స చేస్తే వ్యాధిని నివారించవచ్చు. ఇందుకు ప్రధానంగా మూడు పరీక్షలు ఉన్నాయి.

పద్ధతులు

* పాప్ పరీక్ష: ముఖద్వారం నుండి సేకరించిన కణాలను గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. ఫలితం పరిశీలకుని నైపుణ్యంపై ఆధారపడి ఉంటుంది.
* హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష: కణాలలో వైరస్ జన్యుపదార్థాన్ని యంత్రం గుర్తిస్తుంది. వైరస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్లు కాదు. ఎక్కువమందిలో అది దానంతట అదే తొలగిపోతుంది.
* వీఐఏ: పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబడిన భాగాలను కంటితో చూస్తారు. దీనికి ప్రయోగశాల అవసరం లేదు.

పోలిక

తెలంగాణలోని మేడ్చల్ ప్రాంతంలో ఈ మూడింటినీ పోల్చిన అధ్యయనం 2010లో ప్రచురితమైంది. అందులో వీఐఏ కంటే మిగిలిన రెండు పరీక్షలు వ్యాధిని మెరుగుగా గుర్తించాయి.

నిజామాబాద్ వలెనే 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్, మహారాష్ట్ర) జిల్లాలో 1999లో మొదలైన ప్రయోగంలో 1,31,746 మంది స్త్రీలను నాలుగు వర్గాలుగా విభజించారు. ఎనిమిదేళ్ళలో ఈ క్యాన్సర్‌తో పరీక్ష జరపని వర్గంలో 64 మంది, ఒకేసారి హెచ్‌పీవీ పరీక్ష జరిపిన వర్గంలో 34 మంది మరణించారు. హెచ్‌పీవీ లేదని తేలినవారిలో ఈ మరణాలు లేవు. ఒక్క విడత పాప్, వీఐఏ పరీక్షలతో మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఈ ఫలితాలు 2009లో వెలువడ్డాయి.

జీవితంలో ఒకటి రెండు సార్లు మాత్రమే పరీక్షకు రాగల గ్రామీణ స్త్రీలకు ఈ తేడా ముఖ్యమైనది. 30 ఏళ్ళు దాటిన స్త్రీలకు 5 నుండి 10 ఏళ్ళకొకసారి హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది.