గొడుగు నీడ ఎందుకు హాయి?

అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలపై ఛత్రాలు చెక్కి ఉంటాయి. అక్కడ గొడుగు గౌరవ చిహ్నం. వాకిట్లోనో, సంతలోనో పాతిన పెద్ద గొడుగు మాత్రం వడదెబ్బ నుంచి కాపాడే సాధనం. ఎలాగో చూద్దాం.

మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు అమరావతికి దాదాపు నడినెత్తిన ఉంటాడు. మబ్బు లేకుంటే చదరపు మీటరు నేలపై సుమారు 1000 వాట్ల సౌరశక్తి పడుతుంది. అంటే ఒక ఇస్త్రీ పెట్టె వాడుకునేంత!

గొడుగు తన కింది గాలిని చల్లబరచదు. నీడలోనూ గాలి ఉష్ణోగ్రత దాదాపు అంతే. కాని వికిరణం ద్వారా సూర్యుని నుంచి నేరుగా ఒంటికి తగిలే వేడిని అది అడ్డుకుంటుంది. హాయికి కారణం ఇదే.

గొడుగు బట్ట కూడా వేడెక్కి, ఆ వేడిని కిందికి పంపుతుంది. దళసరి తెల్లబట్ట కిరణాలను ఎక్కువగా తిప్పికొడుతుంది గనుక నల్లబట్టకన్నా తక్కువ వేడెక్కుతుంది. తాటాకు పందిరిలోనైతే ఆకుల పొరల మధ్య గాలి ఉంటుంది. గాలి అధమ ఉష్ణవాహకం కాబట్టి పైవేడి త్వరగా కిందికి దిగదు.

మీరే పరీక్షించండి. ఒకేరకం గ్లాసులు రెండింటిలో సమానంగా నీళ్లు పోసి, ఒకటి ఎండలో, ఒకటి గొడుగు కింద ఉంచండి. అరగంట తర్వాత ప్రయోగశాల థర్మామీటరుతో రెండింటి ఉష్ణోగ్రతలు పోల్చండి.

ఒక హెచ్చరిక: గొడుగు వడగాలిని ఆపలేదు. నీడలో ఉన్నా మంచినీళ్లు తాగుతూనే ఉండాలి.