మీటలును అక్షరములును

అక్షరపుమీటలు గల చేతి ఆటయంత్రము లైనక్సుతో నడచునదైనను, మీటపై ముద్రించిన అక్షరమును ఎరుగదు. ఆంగ్లపు 'కె' మీటను నొక్కినచో లైనక్సునకు అందునది 37 అను సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యకు ఏ అక్షరము రావలెనో ఒక పట్టిక నిర్ణయించును. ఆటగాండ్రు దూకుడుమీటను వేరొకచోటికి మార్చుకొనుటయు ఇట్టి పట్టిక మూలముననే.

1986లో భారత ప్రభుత్వము ఏర్పరచిన ఇన్‌స్క్రిప్టు అమరికయు నట్టి పట్టికయే. అచ్చులు ఎడమచేతికి, హల్లులు ప్రాయికముగా కుడిచేతికి వచ్చును. ఆ 'కె' మీటయే 'క', షిఫ్టుతో 'ఖ'. వ్యాకరణపాఠములోని అల్పప్రాణ మహాప్రాణములు ఒకే మీటపై జంటగా నున్నవి! 'అమ్మ' యనుటకు అ, మ, పొల్లు, మ నొక్కవలెను.

మన పల్నాటి బాలురు ఆ మాటనే ఆంగ్లాక్షరములతో వ్రాయుట మాకు రుచింపదు; వత్తేది, దీర్ఘమేది యను విచారమే వారికి తప్పిపోవుచున్నది. క్రొత్త యంత్రమును కొననక్కరలేదు. కీబోర్డు అమరికలలో తెలుగును చేర్చిన చాలును.