చెక్క గోడ మీద రంగెందుకు నిలవదు?

న్యూజెర్సీలో మా బావగారు కొన్నది 1970ల నాటి ఇల్లు. కింది గది గోడలన్నీ ముదురు గోధుమరంగు చెక్క పలకలే. పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. ఓ శనివారం తెల్లరంగు తెచ్చి కొట్టేశారు. నెల తిరక్కుండా గోటితో గీరితే ఉల్లిపొరలా లేచొచ్చింది. నాసిరకం రంగు అంటగట్టారన్నారు. పాపం, రంగేం చేసింది!

ఆ కాలం అమెరికా ఇళ్లలో పలకలంటే ఎక్కువగా నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పల్చటి ప్లైవుడ్ షీట్లు. పైకి కనిపించే ఖరీదైన కలప వట్టి పైపొర; కొన్నిటికి అదీ లేదు, చెక్క బొమ్మ అచ్చేసిన కాగితమే. షీట్ల మీది నిలువు గాళ్లు ఎలా పడితే అలా గీసినట్టుంటాయి గానీ, ప్రతి 16 అంగుళాలకూ ఒకటి తప్పకుండా ఉంటుంది. వెనకాల నిలువు చెక్కలు ఆ ఎడంలోనే ఉంటాయి. కొట్టిన మేకు గాడిలో దాక్కుంటుందన్నమాట.

పైన నున్నటి వార్నిషు, దాని మీద ఏళ్ల తరబడి పట్టిన మైనం పాలిషు, చేతుల జిడ్డు. రంగు అంటుకోవాలంటే ముందు గోడను తడిపి పరుచుకోవాలి. మైనం తామరాకు లాంటిది, తడవనివ్వదు. అందుకే డబ్బు పెట్టాల్సింది రంగు మీద కాదు, రంగు కింద.

సబ్బునీళ్లతో జిడ్డు వదిలించి, ఆరాక ఉప్పుకాగితంతో మెరుపు చచ్చేదాకా రుద్దాలి. ఆ సన్నటి గీతల్లోనే రంగుకు పట్టు దొరుకుతుంది. కాగితం పొరైతే చెయ్యి తేలిగ్గా ఆడాలి. ఇల్లు 1978కి ముందుదై, గోడకు పాత రంగుంటే మాత్రం రుద్దకండి. ఇళ్ల రంగుల్లో సీసాన్ని అమెరికా నిషేధించింది ఆ ఏడాదే. ఆ దుమ్ము పిల్లలకు విషం. ముందు పరీక్ష చేయించాలి.

తర్వాతది ప్రైమరు. నీళ్ల రంగు నేరుగా వేస్తే చెక్కలోని రంగు పదార్థాలు ఆ నీళ్లలో కరిగి పైకొస్తాయి, తెల్లగోడ మీద టీ మరకల్లా. వాటికి అడ్డుకట్ట లక్క ప్రైమరు. మోదుగ, రేగు కొమ్మల మీద లక్కపురుగు కార్చే జిగురును శుద్ధిచేసి ఆల్కహాల్‌లో కరిగిస్తారు, గంటలోపే ఆరిపోతుంది. హైదరాబాద్ లాడ్‌బజార్ గాజుల్లోని లక్కకూ పుట్టిల్లు ఆ పురుగే! ఈ ప్రైమరుకు వాసన ఘాటు, త్వరగా నిప్పంటుకునే గుణం. కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

గాళ్లు లప్పంతో పూడ్చి గోడ చదును చేద్దామని చాలామంది ఉబలాటం. నేనైతే వద్దంటాను. చలికాలంలో హీటరు వేడికి గాలి పొడిబారి చెక్క కుంచించుకుంటుంది, వేసవి తేమకు ఉబ్బుతుంది. అసలు పైన్ చెక్కల గోడైతే ఆరంగుళాల పలక మిల్లీమీటరు దాకా కదలొచ్చు. ప్లైవుడ్ అంత కదలదు గానీ, షీట్ల అతుకులు కదులుతాయి. లప్పం సాగదు, పగుళ్లిస్తుంది.

ఇక వెలుతురు లెక్క. గోడలు, నేల, పైకప్పు కలిపి సగటున 30 శాతం కాంతిని తిప్పికొడితే, బల్బు ఇచ్చిన 100 పాళ్లకు తొలి విడత 30, మలి విడత 9, అలా తరుగుతూ మొత్తం 143 అవుతుంది. అదే 70 శాతమైతే 100, 70, 49... కలిపి దాదాపు 333. బల్బు అదే, కరెంటు బిల్లూ అదే. బావగారు రెండోసారి పద్ధతిగా రంగు వేశాక, మధ్యాహ్నం ఆ గదిలో లైటు వేయడం మానేశారు.